ఆదివారాల్లో వెతికిన ఓడ

(ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని సౌత్‌సీ డైవింగ్ క్లబ్బు, అది వెతికి పట్టుకున్న మేరీ రోజ్ ఓడ గురించి స్టూడియోలో జరిగిన చర్చ. పాల్గొన్నవారు: ఐరోపా చరిత్ర బోధించే అధ్యాపకురాలు, విశాఖపట్నంలో స్థిరపడిన విశ్రాంత నౌకాదళ డైవరు, దక్షిణ ఇంగ్లండ్‌లో కొన్నేళ్లు ఉద్యోగం చేసి అక్కడి ఒక డైవింగ్ క్లబ్బులో సభ్యుడిగా ఉన్న ఇంజనీరు.)

వ్యాఖ్యాత: నమస్కారం. 1545 జులై 19న ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ సౌత్‌సీ కోట దగ్గర నిలబడి చూస్తుండగానే ఆయన యుద్ధనౌక మేరీ రోజ్ మునిగిపోయింది. 1982 అక్టోబరు 11న దాన్ని పైకి తీశారు. మధ్యలో 437 ఏళ్లు. ఈ రెండు తేదీలూ ఎక్కడైనా దొరుకుతాయి. నాకు ఆసక్తి కలిగించింది 1965. ఆ ఏడాది అక్కడి డైవింగ్ క్లబ్బువాళ్లు సెలవు రోజుల్లో, సొంత ఖర్చుతో ఈ ఓడ కోసం వెతకడం మొదలుపెట్టారు. మేడమ్, ఆ ఆలోచన ఎవరిది?

అధ్యాపకురాలు: అలెగ్జాండర్ మెకీ అనే ఆయనది. పత్రికలకు రాసేవారు, సైనిక చరిత్ర పుస్తకాలు రాసేవారు. పురావస్తు శాస్త్రంలో పట్టా లేదు. పోర్ట్స్‌మత్ పక్కనే హేలింగ్ దీవిలో ఉండేవారు. ఆయనా, బ్రిటిష్ సబ్ ఆక్వా క్లబ్ సౌత్‌సీ శాఖ సభ్యులూ కలిసి ‘ప్రాజెక్ట్ సోలెంట్ షిప్స్’ అని ఒక పథకం పెట్టుకున్నారు. సోలెంట్ అంటే పోర్ట్స్‌మత్‌కూ వైట్ దీవికీ మధ్య ఉన్న జలసంధి. అందులో మునిగిన ఓడలన్నీ పరిశీలిస్తామని పైకి చెప్పుకున్నారు. మెకీ మనసులో ఉన్నది మాత్రం ఒకే ఒక్క ఓడ.

వ్యాఖ్యాత: మన దగ్గర క్లబ్బు అనగానే పేకాట గుర్తొస్తుంది. అసలు ఈ డైవింగ్ క్లబ్బు అంటే ఏమిటండీ? మీరు ఒకదాంట్లో ఉన్నారు కదా.

ఇంజనీరు: ఉన్నాను. అయితే సౌత్‌సీ క్లబ్బులో కాదు, ఆ ప్రాంతంలోనే మరో దాంట్లో. పేకాట క్లబ్బుకూ దీనికీ ఒక పోలిక ఉంది, రెండింట్లోనూ చందా కట్టాలి. (నవ్వు) వారంలో ఒక రాత్రి, జనం వెళ్లిపోయాక, మునిసిపల్ ఈతకొలను గంటసేపు అద్దెకు తీసుకునేవాళ్లం. నాకు నేర్పినాయన పగలు ప్లంబరు. ఆయనకు క్లబ్బు జీతం ఇవ్వదు. ఆయనకూ వేరే ఎవరో అలాగే ఊరికే నేర్పారు, కాబట్టి ఆయన నాకు నేర్పారు. అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి మామూలే. వాళ్లందరికన్నా పెద్దమాట డైవింగ్ ఆఫీసరుది. ఎవరు ఎంత లోతుకు వెళ్లాలో, ఎవరికి ఎవరు జోడీయో ఆయన తేలుస్తారు. ఆయన వద్దంటే వద్దు.

డైవరు: ఆ పద్ధతి లేకపోతే క్లబ్బు ఆరు నెలలు కూడా నిలవదు. 1953లో లండన్‌లో ఆస్కర్ గూగన్, పీటర్ స్మాల్ అనే ఇద్దరు ఈ బ్రిటిష్ సబ్ ఆక్వా క్లబ్‌ను స్థాపించారు. వారిలో పీటర్ స్మాల్ 1962లో చనిపోయారు. కాలిఫోర్నియా తీరంలో కాటలీనా దీవి దగ్గర వెయ్యి అడుగుల లోతు ప్రయోగంలో పాల్గొని ప్రాణం పోగొట్టుకున్నారు. స్థాపకుడే అలా పోయాక ఆ సంస్థలో నియమాలను ఎవరూ తేలిగ్గా తీసుకోరు.

ఇంజనీరు: నా అనుభవం ఒకటి చెబుతాను. ఒకసారి నా జోడీని వదిలి పెద్ద పీత ఒకటి కనిపిస్తే దాని వెనక వెళ్లాను. ఒక నిమిషం ఉంటుందేమో. పైకి వచ్చాక ఎవరూ ఏమీ అనలేదు. టీ కూడా ఇచ్చారు. ఆ నెలంతా పడవ జాబితాలో నా పేరు లేదు.

వ్యాఖ్యాత: తిట్టినా బాగుండేది కదా.

ఇంజనీరు: ఎంతో బాగుండేది.

వ్యాఖ్యాత: ఓడ దగ్గరికి వద్దాం. అది పోర్ట్స్‌మత్ రేవు ముందే మునిగింది, రాజే చూశాడు. అలాంటప్పుడు వెతకడానికి ఏముంది?

అధ్యాపకురాలు: అందరూ అడిగే ప్రశ్నే. మునిగిన కొత్తలో పైకి లాగాలని చూశారు, కుదరలేదు. తర్వాత మరిచిపోయారు. 1836లో జాలర్ల వలలు నీళ్లలో దేనికో చిక్కుకుంటున్నాయని డీన్ సోదరుల్ని పిలిచారు. గాలిగొట్టం బిగించిన లోహపు శిరస్త్రాణంతో నీళ్లలో దిగడం అప్పటికి కొత్త విద్య. వాళ్లు ఆ విద్యకు ఆద్యులు. దిగి చూస్తే పాత దుంగ, ఇంకాస్త వెతికితే కంచు ఫిరంగి. అది మేరీ రోజ్‌దే. 1840 దాకా దొరికినవి తీసుకున్నారు, కొన్ని అమ్మారు, ఇక ఏమీ లేదనుకుని వదిలేశారు. ఆ చోటు మళ్లీ జ్ఞాపకంలోంచి జారిపోయింది.

డైవరు: వలకు చిక్కడం అన్నారు చూడండి, అది మా తీరంలోనూ అంతే. 1971 డిసెంబరులో విశాఖ బయట ఘాజీ జలాంతర్గామి మునిగినప్పుడు కూడా నీటి మీద తేలిన వస్తువులు ముందు జాలర్ల చేతికే వచ్చాయి. ఆ తర్వాత నౌకాదళ డైవర్లు దిగారు. వాళ్ల నోట విని పెరిగిన తరం నాది. సముద్రం అడుగున ఏదో ఉందని జాలరి చెబితే నేను ముందు నమ్ముతాను, తర్వాత పటం చూస్తాను.

అధ్యాపకురాలు: ఇక్కడ మాత్రం పటమే పనికొచ్చింది సార్. మొదటి ఏడాది క్లబ్బువాళ్లు సరైన చోటు తెలియకుండా వెతికారు. 1966లో నౌకాదళ జలపటాల విభాగంలో 1841 నాటి పటం ఒకటి బయటపడింది. డీన్ సోదరులు దిగిన చోటు అందులో గుర్తు పెట్టి ఉంది. మరుసటి ఏడాది అమెరికా నుంచి హెరాల్డ్ ఎడ్జర్టన్ వచ్చారు. ఆపిల్ పండులోంచి తూటా దూసుకుపోయే ఫొటో తీసిన శాస్త్రవేత్త ఆయనే. ఆయన సోనార్ పరికరంతో, అంటే నీళ్లలోకి ధ్వని పంపి ప్రతిధ్వనితో వస్తువుల జాడ పట్టే యంత్రంతో చూస్తే, బురద కింద ఏదో పెద్ద వస్తువు ఉన్నట్టు జాడ కనిపించింది.

వ్యాఖ్యాత: అంటే 1967కే దొరికేసినట్టేనా?

ఇంజనీరు: అబ్బే, ఇంకో నాలుగేళ్లు. కాగితం మీద గీత కనిపించడం వేరు, చేతికి కర్ర తగలడం వేరు. ఈ నాలుగేళ్లూ నాకు చాలా ఇష్టం. ఎందుకంటే ఇందులో ఏమీ జరగదు. (నవ్వు) నిజంగానే. ఆదివారం వస్తుంది, పడవ తీస్తారు, దిగుతారు, బురద తవ్వుతారు, పైకి వస్తారు, ఇంటికి వెళ్తారు. క్లబ్బువాళ్లకు తోడు అగ్నిమాపక సిబ్బందిలో కొందరు సెలవు రోజున వచ్చి నీటి గొట్టాలతో బురదను కోసేవారు. ఈ బృందానికి ‘మ్యాడ్ మ్యాక్స్ మరాడర్స్’ అని పేరు పడింది. పిచ్చి మెకీ దండు అనుకోండి.

వ్యాఖ్యాత: సార్, అక్కడ లోతెంత? ప్రమాదమా?

డైవరు: పన్నెండు మీటర్లు, కాస్త అటూ ఇటూ. ప్రతి పది మీటర్లకూ ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది కాబట్టి అక్కడ ఒడ్డు మీద ఉన్నదానికి రెట్టింపు కన్నా కొంచెం ఎక్కువ. లోతుకు వెళ్లేకొద్దీ పీల్చే గాలిలోని నత్రజని రక్తంలో చేరుతుంది, పైకి వచ్చేటప్పుడు అదే ప్రమాదం. అంత తక్కువ లోతులో అది పెద్దగా చేరదు, చాలాసేపు పనిచేయవచ్చు. అది వాళ్ల అదృష్టం. ఓడ నలభై మీటర్ల లోతున ఉంటే ఆదివారం క్లబ్బు వల్ల అయ్యే పని కాదు. కష్టమంతా బురదతోనే. సోలెంట్‌లో ఆటుపోట్లు బలంగా ఉంటాయి. పోటుకూ పాటుకూ మధ్య నీరు నిలకడగా ఉండే కాసేపే హాయిగా పనిచేయగలరు. మిగతా సమయమంతా ప్రవాహంతో కుస్తీ. ఒక్కోసారి చాచిన చెయ్యి కనబడదు. అలాంటి నీళ్లలో తడిమి చూసి, ఇది రాయి, ఇది కర్ర అని పోల్చడం వేళ్లకు రావాలి. పుస్తకం చదివితే రాదు.

ఇంజనీరు: దానికి తోడు చలి. ఆ రోజుల్లో నీళ్లలో చలి ఆపే వెట్‌సూటు కొనలేక చాలామంది నియోప్రీన్ అనే రబ్బరు షీటు తెచ్చి, కాగితం మీద కొలతలు గీసి, కత్తిరించి, జిగురుతో అతికించుకునేవారు. తొడుక్కోవడానికి ఒళ్లంతా టాల్కం పౌడరు. మా క్లబ్బులో పెద్దవాళ్లు ఈ కథలు చెప్పేటప్పుడు అతుకులు విడిపోయిన సంగతి తప్పకుండా ఉంటుంది.

వ్యాఖ్యాత: చివరికి ఎప్పుడు కనిపించింది?

అధ్యాపకురాలు: 1970లో ఒక ఇనుప ఫిరంగి దొరికింది. పాత పద్ధతిలో ఇనుప పట్టీలు, కడియాలు కలిపి చేసింది. దాంతో ఆశ గట్టిపడింది. ఆ చలికాలం తుపానులకు సముద్రం అడుగు కోసుకుపోయింది. 1971 మే 5న పెర్సీ ఆక్లండ్ అనే డైవరు దిగి చూస్తే, బురదలోంచి ఓడ పక్కటెముకలు వరసగా పైకి తేలి ఉన్నాయి.

డైవరు: మెకీ పేరే అందరికీ తెలుసు. నేను ఆక్లండ్ పేరు రెండుసార్లు చెబుతాను. పెర్సీ ఆక్లండ్.

వ్యాఖ్యాత: రాసుకున్నాం సార్. మేడమ్, మార్గరెట్ రూల్ గారి సంగతి చెప్పకుండా పోతున్నాం.

అధ్యాపకురాలు: చెప్పకుండా నేను ఊరుకోను. మీరిద్దరూ డైవర్ల పక్షాన ఉన్నారు, నేను తవ్వేవాళ్ల పక్షాన. వెతికి పట్టుకోవడం సగం పనే. డీన్ సోదరులూ పట్టుకున్నారు, ఏమైంది? ఫిరంగులు ఊడబెరికి అమ్మారు. క్లబ్బువాళ్లు అదే చేసి ఉంటే ఇవాళ మనకు మిగిలేది నాలుగు ఫిరంగులు. మార్గరెట్ రూల్ పురావస్తు శాస్త్రవేత్త. మొదట్లో పడవ మీద కూర్చుని, డైవర్లు వచ్చి చెప్పింది రాసుకునేవారు. అలా కుదరదని తెలిసి, నలభై దాటాక డైవింగ్ నేర్చుకున్నారు. అడుగున ప్రతి వస్తువూ ఎక్కడ ఉందో కొలిచి, గీసి, అప్పుడే కదిలించాలని పట్టుబట్టారు. ఆమె లేకపోతే అది పురావస్తు తవ్వకం అయ్యేది కాదు.

డైవరు: ఒప్పుకుంటాను. కానీ ఆమె దిగడానికి చోటు చూపింది ఎవరు?

అధ్యాపకురాలు: క్లబ్బే. నేను కాదనలేదు. మరో సంగతి చూడండి, అప్పటికి పాత ఓడలను కాపాడే చట్టం లేదు. ఎవరైనా వచ్చి మాది అనవచ్చు. 1967లో మెకీ, రూల్ మరో ఇద్దరితో కలిసి కమిటీ వేసుకున్నారు. ఆ సముద్రగర్భాన్ని ఏడాదికి ఒక పౌండు చొప్పున ప్రభుత్వం నుంచి కౌలుకు తీసుకున్నారు.

వ్యాఖ్యాత: సముద్రం అడుగును కౌలుకా?

అధ్యాపకురాలు: అవును. మన రైతు పొలం కౌలుకు తీసుకున్నట్టే. బురద మాది, దాంట్లో వేలు పెట్టకండి అని చెప్పుకోవడానికి అదొక్కటే దారి. శిథిల నౌకల రక్షణ చట్టం 1973లో గానీ రాలేదు. మరుసటి ఏడాది మేరీ రోజ్‌ను దాని కిందికి తెచ్చారు. నాకు ఈ కథలో అన్నిటికన్నా తెలివైన పని ఆ కౌలే.

వ్యాఖ్యాత: 1979లో ట్రస్టు ఏర్పడింది, డబ్బు వచ్చింది, పెద్ద ఓడ వచ్చింది. అప్పుడు క్లబ్బు ఏమైంది?

ఇంజనీరు: అసలు ప్రశ్న అదే. 1979 నుంచి 1982 దాకా దాదాపు 28 వేల సార్లు డైవర్లు దిగారు. అయిదు వందల మందికి పైగా స్వచ్ఛంద డైవర్లు వచ్చారు. స్వీడన్‌లో వాసా నౌకను లేపినప్పుడు వాడిన స్లైప్నర్ అనే ఓడనే ఇక్కడికీ తెచ్చారు. ఇంత పెద్ద పనిలో ఒక ఊరి క్లబ్బు కనిపించదు. మెకీ పాత్ర కూడా తగ్గిపోయింది. నాకు కొంచెం బాధే. పెళ్లి కుదిర్చినవాళ్లకు పెళ్లిలో కుర్చీ దొరకనట్టు.

అధ్యాపకురాలు: ఊరి క్లబ్బు వల్ల 19 వేల వస్తువులు భద్రపరచడం అవుతుందా? నానిన చెక్కను ఆరబెడితే పొడి అయిపోతుంది. ఓడ మీద పన్నెండేళ్లు చల్లని నీళ్లు చల్లుతూ ఉన్నారు, ఆ తర్వాత 2013 దాకా మైనం లాంటి రసాయనం. అది చందాలతో జరిగే పని కాదు.

ఇంజనీరు: నిజమే. బాధ అన్నానే గానీ తప్పు అనలేదు.

వ్యాఖ్యాత: పైకి లేపిన రోజు మీకు గుర్తుందా సార్?

డైవరు: తర్వాత చూశాను, వీడియోలో. క్రేను ఎత్తుతుండగా ఓడను వేలాడదీసిన లోహపు చట్రం మూల ఒకటి ఊడి, చప్పుడుతో ఒక్కసారిగా కిందికి కుంగింది. ఇన్నేళ్ల తర్వాత చూసినా నా గుండె ఆగింది. ప్రత్యక్ష ప్రసారం చూసినవాళ్ల సంగతి చెప్పక్కర్లేదు. ఓడకు పెద్ద దెబ్బ తగల్లేదు.

వ్యాఖ్యాత: ఒక ప్రేక్షకుడి ప్రశ్న. ‘అన్ని వస్తువుల్లో మీకు నచ్చింది ఏది?’ అని.

అధ్యాపకురాలు: దువ్వెనలు. వాటి పళ్ల మధ్య ఆనాటి నావికుల పేలు ఇంకా ఉన్నాయి. సుమారు అయిదు వందల మంది ఎక్కిన ఓడలో బతికి బయటపడింది 35 మందికి లోపే. పడవలోకి శత్రువులు దూకకుండా పైన కట్టిన వలే వాళ్లను లోపల బంధించింది. రాజు గురించి ఎన్ని పుస్తకాలైనా దొరుకుతాయి. ఆ దువ్వెనలు మామూలు మనుషులవి.

డైవరు: నాకు విల్లులు. 170కి పైగా దొరికాయి. అంతకు ముందు ఆ కాలపు యుద్ధ విల్లు ఎలా ఉండేదో ఊహించుకోవడమే.

ఇంజనీరు: నాకు కుక్క. చిన్న టెర్రియర్, దాని అస్థిపంజరం దాదాపు మొత్తం దొరికింది. మ్యూజియంవాళ్లు దానికి హ్యాచ్ అని పేరు పెట్టారు. మా క్లబ్బు పడవలోనూ ఒక కుక్క ఉండేది.

వ్యాఖ్యాత: సమయం అయిపోవచ్చింది. విశాఖలో ఇలాంటి క్లబ్బు ఒకటి ఉంటే మీరు చేరతారా సార్?

డైవరు: రుషికొండ దగ్గర డైవింగ్ నేర్పేవాళ్లు ఉన్నారు, మంచిదే. డబ్బు కట్టి, దిగి, ఫొటో తీసుకుని వెళ్తారు. క్లబ్బు అంటే ఈయన చెప్పిన ప్లంబరు కావాలి. ఊరికే నేర్పి, తర్వాతి వారం మళ్లీ వచ్చేవాడు. అలాంటివాళ్లు నలుగురు దొరికితే డైవింగ్ ఆఫీసరుగా నేను చేస్తాను. జోడీని వదిలి పీతల వెనక పోయేవాళ్లను మాత్రం తీసుకోను.

ఇంజనీరు: అర్థమైంది సార్. (నవ్వులు)