ఎవరి తాలూకమ్మా?

అందరికీ నమస్కారం.

అమలాపురం బస్టాండులో దిగి ఏ ఊరి ఆటో ఎక్కినా, పక్కన కూర్చున్న పెద్దావిడ మన పేరు అడగదు. "ఎవరి తాలూకమ్మా?" అంటుంది. తాతయ్య పేరు చెబితే ఆవిడ మొహం విప్పారుతుంది. "అదే, ఆ నుదురు చూసే అనుకున్నాను" అంటుంది. చదువుకునే రోజుల్లో ఈ ప్రశ్న వింటే నాకు ఒళ్లు మండేది. నాకంటూ ఒక పేరు లేదా అనిపించేది. ముప్పయ్యేళ్లు మనస్తత్వశాస్త్రం పాఠాలు చెప్పాక, ఆవిడ అడిగింది చాలా లోతైన ప్రశ్న అని ఒప్పుకుంటున్నాను.

మన భాషనే చూడండి. నా పేరు, నా చెయ్యి అంటాం. అమ్మ దగ్గరికొచ్చేసరికి 'మా అమ్మ' అయిపోతుంది. తోబుట్టువులు లేని ఒక్కగానొక్క బిడ్డ కూడా 'నా అమ్మ' అనడు. మా ఇల్లు, మా ఊరు, మా ఆయన, మా ఆవిడ. దగ్గరివాళ్ల మాట ఎత్తగానే 'నేను' కాస్తా 'మేము' అవుతుంది. ఇది మనకి ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు.

మాటలోనే కాదు, ఆలోచనలో కూడా ఇలాగే జరుగుతుందని 1991లో ఆర్థర్ ఆరన్, ఆయన తోటి పరిశోధకులు చూపించారు. పెళ్లైనవాళ్లకి ఒక్కో గుణం పేరు చూపించి, అది మీకు ఉందా లేదా అని అడిగారు. భార్యాభర్తలిద్దరికీ కలిసే గుణమైతే జవాబు చటుక్కున వచ్చింది. ఒకరికి ఉండి మరొకరికి లేని గుణం దగ్గర ఆలస్యమైంది. నేనెవరు, తనెవరు అని లోపల విడదీసుకోవడానికి ఆ కాస్త సమయం పట్టిందన్నమాట.

మాన్‌ఫర్డ్ కూన్, థామస్ మెక్‌పార్ట్‌లాండ్ అనే ఇద్దరు 1954లో ఒక పరీక్ష తయారుచేశారు. 'నేనెవరు?' అన్న ప్రశ్నకి ఇరవై జవాబులు రాయాలి, అంతే. ఏటా దాన్ని మా క్లాసులో పెట్టేదాన్ని. ఒక ఏడాది ఒక అమ్మాయి మొదటి జవాబుగా "మా అమ్మ కువైట్‌లో ఉంటుంది" అని రాసింది. అడిగింది తన గురించి, రాసింది అమ్మ గురించి. కాగితం తప్పు రాసిందనుకోలేదు నేను. కోనసీమలో ఇళ్లల్లో పనికి గల్ఫ్ వెళ్లిన తల్లులు ఎందరో. అమ్మమ్మ దగ్గర పెరిగి, అమ్మని ఫోన్‌లో చూసుకునే పిల్లకి ఆ దూరమే తన గురించి తెలిసిన మొదటి సంగతి. ఆ కాగితం చాలా రోజులు నా బల్ల సొరుగులోనే ఉంది.

దగ్గరివాళ్ల మాట మనల్ని కుదించనూ గలదు. చిన్నప్పుడు చుట్టాలొస్తే ఇంట్లో నన్ను చూపించి "దీనికి నోరు లేదు" అనేవారు. ప్రేమగానే అనేవారు. నాకు మాత్రం అదే నా గుణమైపోయింది, ఇరవై ఏళ్లు నోరు విప్పలేదు. పెళ్లయ్యాక ఒకరోజు కొబ్బరికాయల దింపు జరుగుతుంటే బేరగాడు వచ్చాడు. మా అత్తయ్య లోపల్నుంచి నన్ను పిలిచి, "మా కోడలు చెబుతుంది, వినండి" అని పక్కకి జరిగింది. నా చేతులు వణికాయి. ధర ఎంత చెప్పానో గుర్తు లేదు గానీ, ఆవిడ నా మాటకి అడ్డు రాకపోవడం గుర్తుంది. మనం ఎలా కావాలనుకుంటామో అలా అయిపోయినట్టే మనతో మసలే మనిషి దొరికితే, మనం నిజంగా అటువైపు నడుస్తాం. 1999లో కొందరు పరిశోధకులు దీనికి శిల్పి మైకెలాంజిలో పేరు పెట్టారు. రాయిలో ఉన్న బొమ్మని బయటికి తీసినట్టు అని. నాకు మాత్రం అది మా అత్తయ్య పక్కకి జరగడమే.

మరి ఆ మనిషి పోతే? 2010లో వచ్చిన ఒక అధ్యయనం, ప్రేమబంధం తెగినవాళ్లకి తాము ఎవరన్నదే మసకబారుతుందని చెప్పింది. చావు వేరే సంగతి, దాన్ని దీంతో కొలవలేం. నేను చూసింది చెబుతాను.

మా తాతయ్యకి పులుపు పడేది కాదు. మా అమ్మమ్మ వంటలో చింతపండు పేరుకే ఉండేది. ఆయన పోయిన ఏడాదికి మా పిన్ని చింతచిగురు పప్పు చేస్తే, అమ్మమ్మ రెండోసారి వడ్డించుకుంది. నీకు పులుపు ఇష్టమా అని అడిగాను. "పెళ్లికి ముందు పచ్చి చింతకాయలు ఉప్పద్దుకుని తినేదాన్నే. ఆ సంగతే మర్చిపోయాను" అంది. మర్చిపోయిన తను కొంచెం తిరిగొచ్చిందని నాకు సంతోషమేసింది.

కానీ తాతయ్య కూడా ఆవిడలోంచి పోలేదు. మాది గోదావరి పాయల మధ్యనున్న లంక ఊరు. 1986 ఆగస్టు వరద చూసినప్పట్నుంచి, గోదావరి ఎర్రబడితే చాలు, తాతయ్య రేడియో చెవి దగ్గర పెట్టుకునేవాడు. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర నీటిమట్టం 11.75 అడుగులైతే మొదటి హెచ్చరిక, 13.75 అయితే రెండోది, 17.75 అయితే మూడోది. ఆ అంకెలు ఆయనకి కంఠతా. "ఏమిటా గొడవ, వస్తే వస్తుంది" అని విసుక్కునేది అమ్మమ్మ. ఆయన పోయాక వచ్చిన మొదటి శ్రావణంలో తెల్లారగట్ల నన్ను లేపింది. "ధవళేశ్వరం దగ్గర ఎన్ని అడుగులే?" అని అడిగింది. గొంతు ఆవిడదే. ఆ హడావుడి ఆయనది.

మా అమ్మాయి హైదరాబాద్‌లో ఉంటుంది. తాతయ్యని అది చూడలేదు. క్రితం ఆగస్టులో నాలుగు రోజులు ముసురు పట్టింది. పొద్దున్నే ఫోన్ మోగింది. హలో కూడా అనలేదు.

"అమ్మా, ధవళేశ్వరం దగ్గర ఎన్ని అడుగులు?"