గేటు మీటింగుకు ఎర్రజెండా, పోలింగు బూతులో మరొకటి

అధ్యక్షులకు, సభకు నమస్కారం.

కార్మికులు వామపక్షాలకు ఎందుకు దూరమయ్యారన్న ప్రశ్నకు సాధారణంగా రెండు జవాబులు వినిపిస్తాయి: పరిశ్రమలు మూతపడ్డాయని ఒకటి, మతం పేరిట రాజకీయం బలపడిందని మరొకటి. రెండింటిలోనూ నిజముంది. అయితే పని ఇంకా నడుస్తున్న చోట, కార్మిక సంఘం బతికే ఉన్న చోట కూడా ఈ దూరం కనిపిస్తోంది కనుక నేను తెలంగాణలోని సింగరేణి బొగ్గు గనుల గురించే మాట్లాడతాను.

అక్కడ గుర్తింపు సంఘం, అంటే కార్మికుల తరఫున మేనేజ్‌మెంటుతో మాట్లాడే సంఘం, ఎన్నికలు 1998లో మొదలయ్యాయి. తొలి ఎన్నికలో గెలిచింది సీపీఐ అనుబంధ ఏఐటీయూసీ. 2012లోనూ 2017లోనూ టీఆర్‌ఎస్ అనుబంధ తెలంగాణ బొగ్గు గని కార్మిక సంఘం గెలిచింది. 2023 డిసెంబరులో, కాంగ్రెస్ అధికారంలోకి వచ్చిన నెలలోనే, ఆ పార్టీ అనుబంధ ఐఎన్‌టీయూసీని సుమారు 2 వేల ఓట్ల తేడాతో ఓడించి ఏఐటీయూసీ మళ్లీ గుర్తింపు సంఘమైంది. దాని వెనకున్న సీపీఐకి అంతకు కొద్ది వారాల ముందు శాసనసభలో దక్కింది కొత్తగూడెం ఒక్కటే, అదీ కాంగ్రెస్‌తో పొత్తులో. 2018లోనైతే ఉభయ కమ్యూనిస్టు పార్టీలకూ ఒక్క సీటూ రాలేదు. పొత్తుల బేరాలు, పోటీ చేసిన స్థానాల కొరత ఇందులో ఉన్నమాట నిజమే కానీ లెక్క అంతటితో తేలదు.

వేజ్‌బోర్డు (జీతాల ఒప్పందం), లాభాల వాటా, మెడికల్ అన్‌ఫిట్ (అనారోగ్యంతో పనికి తగరని తేల్చడం), క్వార్టరు వంటి వాటిలో మేనేజ్‌మెంటును నిలదీసేది ఎర్రజెండా వాళ్లేనని కార్మికుడికి గురి. ఆ కార్మికుడే మస్టరు (హాజరు) పడ్డాక, బాయిలోకి, అంటే గనిలోకి దిగేముందు, గని మీదున్న అమ్మవారికి దండం పెట్టుకుంటాడు. దసరాకు ఇంట్లో బతుకమ్మ పేరుస్తారు. రెండేళ్లకోసారి మేడారం ప్రయాణం కడతారు. నాస్తికత్వం వల్లే కమ్యూనిస్టులకు ఓట్లు పోయాయనేవారితో నేను ఏకీభవించను. నాయకుడికి దేవుడి మీద నమ్మకం లేదని తండ్రుల కాలం నుంచీ తెలిసే కార్మికుడు ఆ జెండా మోశాడు.

అసలు ఎడం తెలంగాణ ఉద్యమకాలంలో బయటపడింది. 2011 సకల జనుల సమ్మెలో గని కార్మికులు నెల రోజులకు పైగా డ్యూటీలు మానుకున్నారు. సీపీఐ రాష్ట్ర ఏర్పాటును బలపరిచింది, సీపీఎం ఒక భాషవాళ్లకు ఒక రాష్ట్రమన్న సూత్రాన్ని పట్టుకుని వ్యతిరేకించింది. ఒకరు అవునన్నారు, ఒకరు కాదన్నారు, ఇద్దరూ నష్టపోయారు. నా దృష్టిలో కారణం ఒక్కటే: ఇద్దరి ఉపన్యాసాల్లోనూ తెలంగాణ అనేది వర్గ పోరాటం పక్కన కాసేపు చోటిచ్చిన సెంటిమెంటుగానే మిగిలింది. కార్మికుడికి మాత్రం కొడుకు ఉద్యోగం, ఆఫీసులో తన యాస విని నవ్విన గుమాస్తా, వీధిలో ఆడిన బతుకమ్మ విడివిడి సంగతులు కావు. చైతన్యం చాలక సెంటిమెంటుకు పడిపోయాడని తన గురించి తన సంఘమే అనుకుంటోందని తెలిసినప్పుడు మనిషికి కలిగే చిన్నబుచ్చుకోవడాన్ని ఏ వేతన ఒప్పందమూ పూడ్చలేదు.

వెనకటి తరానికి ఈ చిక్కు లేదు. 1940లలో నల్గొండ, వరంగల్ పల్లెల్లో కమ్యూనిస్టులు నడిపిన ఆంధ్రమహాసభను జనం 'సంఘం' అనే పిలుచుకున్నారు. ఆ సంఘం వెట్టిని ఎదిరించింది, "నీ బాంచెన్ దొరా" అన్న నోటితోనే దొరను ఎదురు ప్రశ్న అడిగించింది, బుర్రకథలో గొల్లసుద్దుల్లో తన మాట చెప్పింది. ఆ కళలు పార్టీ కనిపెట్టినవి కావు, ఊళ్లో ఉన్నవే. 1952లో నల్గొండ నుంచి కమ్యూనిస్టు నాయకుడు రావి నారాయణరెడ్డి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో పార్లమెంటుకు వెళ్లడం వెనక భూమి కోసం చేసిన పోరాటం ఎంత ఉందో, ఊరి మాటకూ కళకూ ఇచ్చిన ఆ మర్యాద కూడా అంతే ఉంది.

కులం విషయంలో మెలకువ ఇంకా ఆలస్యంగా వచ్చింది. సీపీఎం 2016లో మహాజన పాదయాత్ర మొదలుపెట్టి కమ్యూనిస్టుల ఎరుపు, అంబేడ్కర్‌వాదుల నీలం జెండాలు కలవాలన్నది; 2018లో సీపీఎం కూడా ఉన్న బహుజన లెఫ్ట్ ఫ్రంట్ ఒక్క స్థానమూ గెలవలేదు. ఆ ఆలోచన తప్పని నేను అనను, దశాబ్దాల మౌనాన్ని రెండేళ్లలో పూడ్చలేకపోయారంతే.

ఇక చివరి సంగతి. 2023 గుర్తింపు ఎన్నికల్లో ఓటున్నది దాదాపు 40 వేల మంది పర్మినెంటు కార్మికులకే. వాళ్ల పక్కనే పనిచేసే వేలాది కాంట్రాక్టు కార్మికులకు ఓటు లేదు, గని గేటు దగ్గర సంఘం పెట్టే మీటింగులో వాళ్ల ప్రస్తావన డిమాండ్ల పత్రం చివర్లో వస్తుంది. వాళ్ల బస్తీల్లో యువకులు గణేశ్ మండపాలు కడుతున్నారు, ఆ కమిటీల్లో అన్ని పార్టీలవాళ్లూ కూర్చుంటున్నారు, ఒక్క మన ఎర్రజెండా వాళ్లు తప్ప.