బానెట్ మీద చెయ్యి

శ్రోతలందరికీ నమస్కారం.

ఈ పూట సెకండ్ హ్యాండ్ కారు గురించి మాట్లాడుకుందాం. అదీ చిన్న కారు. వెనక సీట్లో ముగ్గురు కూర్చుంటే ఎవరి మోచేయి ఎవరిదో తెలియని కారు. నేను మెకానిక్‌ని కాను, కార్లు అమ్మేవాణ్ణీ కాను. ఒక ఎర్ర కారును చూసి మనసు పారేసుకుని, సంతకం దాకా వెళ్లి వెనక్కి వచ్చినవాణ్ణి. నా అర్హత అంతే.

"ఏ మోడల్ మంచిదండీ?" అని చాలామంది అడుగుతుంటారు. కొత్త కారు విషయంలో ఆ ప్రశ్నకు అర్థం ఉంది. పాత కారు దగ్గర మాత్రం "ఏ బండి మంచిది" అని అడగాలి. ఒకే ఏడాది, ఒకే ఫ్యాక్టరీలో, పక్కపక్కనే తయారైన రెండు కార్లు పదేళ్ల తర్వాత ఒకటి తూర్పు, ఒకటి పడమర. ఒకటి వేళకు ఆయిల్ మార్చే ఇంట్లో పెరిగి ఉంటుంది. ఇంకొకటి ఎర్ర లైటు వెలిగినా "రేపు చూద్దాంలే" అనే ఇంట్లో పెరిగి ఉంటుంది. పైకి రెండూ ఒకేలా మెరుస్తుంటాయి.

నేను పద్ధతి ప్రకారమే మొదలుపెట్టాను. ఒక నోటు పుస్తకం కొన్నాను. అడ్డగీతలు, నిలువుగీతలు గీశాను. మైలేజీకి పది మార్కులు, సర్వీసు కాగితాలకు పది, టైర్లకు పది. వారం రోజులు తిరిగాక చివరికి రెండు కార్లు మిగిలాయి. ఒకటి బూడిద రంగుది. కాగితాలన్నీ ఉన్నాయి, ఒక్కరే వాడారు, వంక పెట్టడానికి ఏమీ లేదు. చూసి ఇంటికొచ్చాక దాని మొహం గుర్తు తెచ్చుకుందామంటే రాలేదు. రెండోది ఎర్రది. గుండ్రటి హెడ్‌లైట్లు. నన్ను చూసి "ఇన్నాళ్లూ ఎక్కడున్నావు?" అన్నట్టు కళ్లు విప్పార్చి నిలబడింది.

మార్కులు వేస్తే బూడిద రంగుదే గెలిచింది. అప్పుడు నేనేం చేశానో చెబితే నవ్వుతారు. డిక్కీకి ఇచ్చే మార్కులు పది నుంచి ఐదుకు తగ్గించాను. "పార్కింగుకు వీలు" అని కొత్తగా ఒక గడి గీశాను. ఇంకా చాలక, "రోడ్డు మీద దూరం నుంచి కనబడే రంగు" అని మరో గడి. భద్రత కోసం! ఇప్పుడు ఎర్రది గెలిచింది. మనసు ముందే తీర్పు చెప్పేసింది, బుద్ధి పక్కన కూర్చుని ఆ తీర్పుకు కారణాలు రాస్తోంది. గుమాస్తా పని. నేను మాత్రం లెక్కలు చూసి నిర్ణయించుకున్నానని ఇంట్లో గర్వంగా చెప్పాను.

అందుకే, మనసును పక్కన పెట్టి కారు కొనండి అని నేను చెప్పను. చెప్పినా అది పక్కకు పోదు, వేషం మార్చుకుని నోటు పుస్తకంలోకి దూరుతుంది.

ఇక్కడ ఒక పిట్టకథ. మినీ అనే చిన్న కారు పేరు మీలో చాలామంది వినే ఉంటారు. దాన్ని చూస్తే కరిగిపోయేవాళ్లు దేశదేశాల్లో ఉన్నారు. కానీ అది పుట్టింది పొదుపు లెక్కలోంచి. 1956లో సూయజ్ సంక్షోభం వచ్చి, చమురు ఓడలు నడిచే సూయజ్ కాలువ మూతపడటంతో బ్రిటన్‌లో పెట్రోలుకు రేషన్ పెట్టారు. తక్కువ తాగే బండి కావలసి వచ్చింది. అలెక్ ఇసిగోనిస్ అనే ఇంజనీరు ఇంజన్‌ను అడ్డంగా తిప్పి కూర్చోబెట్టాడు. గేర్‌బాక్సును దాని కిందే, ఆయిల్ తొట్టిలోకే దూర్చాడు. చక్రాలను 10 అంగుళాలకు కుదించాడు. 3 మీటర్ల పైచిలుకు పొడవులో నలుగురికి చోటు చేశాడు. 1959లో అమ్మకానికి వచ్చిన ఆ బండి 2000 దాకా తయారవుతూనే ఉంది. ఆ ముద్దు మొహమంతా చోటు మిగల్చడానికి పడిన పాట్లే. ఇందులో నాకు నచ్చిన సంగతి ఇంకొకటుంది. ఆ కారులో ఇంజన్‌కూ గేర్లకూ ఒకటే ఆయిల్. దాన్ని పట్టించుకోకపోతే రెండూ కలిసి దెబ్బతింటాయి. కాబట్టి దాని కళ్లు చూసి పడిపోయినవాడు కూడా ముందు ఆయిలే చూడాలి.

సరే, మన ఎర్ర కారు దగ్గరికి వద్దాం.

సాయంత్రం చూడటానికి వెళ్లాను. వెంట మా బావగారు వచ్చారు, మా అక్కయ్య భర్త. ఆయనకు కార్లంటే ఇష్టం లేదు. కార్లనే కాదు, ఇంజన్ ఉన్న ఏ వస్తువు మీదా నమ్మకం లేదు. ఆయన్ను తీసుకెళ్లడం ఆ నెలలో నేను చేసిన ఒకే ఒక్క తెలివైన పని. అది కూడా అనుకుని చేసింది కాదు, ఆ పూట ఆయనకు వేరే పని లేక వచ్చారు.

ఓనరు మంచి మాటకారి. నేను నేరుగా డ్రైవరు సీట్లో కూర్చున్నాను. స్టీరింగు పట్టుకున్నాను. అంతే, కారు నాదైపోయింది. బావగారు మాత్రం లోపలికి రాలేదు. కారు చుట్టూ ఒకసారి తిరిగి, ముందుకొచ్చి, జ్వరం చూసినట్టు బానెట్ మీద చెయ్యి పెట్టారు.

"వేడిగా ఉందేమండీ?" అన్నారు.

"ఇప్పుడే పిల్లల్ని దింపి వచ్చానండీ," అన్నాడు ఓనరు.

నేను తాళం తిప్పాను. ఇంజన్ పిల్లిలా గురగురలాడింది. ఒక చప్పుడు లేదు, పొగ లేదు. ఊరంతా తిప్పి చూశాను, ఎక్కడా వంక లేదు. కాగితం మీద సంతకం పెట్టడానికి పెన్ను కూడా తీశాను. బావగారు నా భుజం తట్టి, "ఏమోయ్, రేపు పొద్దున్నే ఓసారి వద్దాం. ఈయన్ని బండి స్టార్ట్ చెయ్యకుండా ఉంచమను," అన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. రేపటికి వేరేవాళ్లు ఎగరేసుకుపోతే? ఆ రాత్రి నిద్రపోతే ఒట్టు. ఒకటే టెన్షన్.

మర్నాడు తెల్లారగానే వెళ్లాం. ముందుగా బావగారి చెయ్యి బానెట్ మీదికి వెళ్లింది. చల్లగా ఉంది. "ఇప్పుడు కొట్టు," అన్నారు.

సెల్ఫ్ కొట్టాను. తిరిగింది, తిరిగింది, అంటుకోలేదు. రెండోసారి కొడితే అంటుకుంది. అంటుకుంటూనే లోపల ఎవరో చెంచాతో గిన్నె కొడుతున్నట్టు టకటకమని చప్పుడు. బావగారు వెనక నిలబడి ఉన్నారు. "నువ్వు దిగి ఇలా రా," అన్నారు. వెళ్లి చూస్తే సైలెన్సర్‌లోంచి పొగ. నీలం పొగ. నిమిషంలో పొగ తగ్గింది, చప్పుడూ తగ్గింది. ఐదు నిమిషాల్లో నిన్నటి పిల్లి మళ్లీ గురగురలాడుతోంది.

ఆ నీలం పొగ సంగతి తర్వాత ఒక మెకానిక్ నాకు విడమరిచి చెప్పాడు. ఇంజన్‌లో గాలీ పొగా వచ్చిపోయే తలుపుల్లాంటి వాల్వ్‌లు ఉంటాయి, వాటి కాడల చుట్టూ ఆయిల్ కారకుండా చిన్న చిన్న సీళ్లు ఉంటాయి. వయసు మీదపడి అవి గట్టిపడితే, బండి రాత్రంతా నిలబడి ఉన్నప్పుడు ఆయిల్ బొట్టుబొట్టుగా లోపలికి జారుతుంది. పొద్దున స్టార్ట్ చేయగానే ఆ ఆయిల్ కాలి నీలం పొగ వస్తుంది. జారింది కాస్తా కాలిపోయాక పొగ ఆగుతుంది. సాయంత్రం వేడి ఇంజన్ దగ్గర నిలబడితే ఈ సంగతి ఎవరికీ తెలియదు. తెలియకూడదనే దాన్ని వేడి చేసి ఉంచారు.

నేను ఇంకా వదల్లేదండీ. "బాగు చేయిస్తే సరిపోతుందిగా బావగారూ," అన్నాను. ఆయన కాదనలేదు. "పొగ బాగవుతుందోయ్. ఈయన మాటకు ఏ సీలు వేయిస్తావు?" అన్నారు.

వచ్చేశాం. దారంతా నేను మాట్లాడలేదు.

ఈ పూట మీకు నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. బండిని చల్లగా ఉండగా చూడండి. ముందు రోజే ఫోన్ చేసి, "నేను వచ్చేదాకా స్టార్ట్ చేయకండి" అని చెప్పండి. వెళ్లగానే స్టీరింగు ముట్టుకోకముందు బానెట్ ముట్టుకోండి. సీట్లో కూర్చున్నాక బుద్ధి మన మాట వినదు. అందుకని కూర్చోకముందే దాని పని దానికి అప్పజెప్పాలి. వేడిగా ఉంటే గొడవ పడకండి, ఇంకో పొద్దున వస్తామని చెప్పండి. ఓనరు నిజంగానే పిల్లల్ని దింపి వచ్చి ఉండొచ్చు, మనకేం తెలుసు? అలాంటివాడు మర్నాడు చల్లటి బండి చూపించడానికి జంకడు.

చల్లటి ఇంజన్ దగ్గర ఇంకో సౌకర్యం ఉంది. వేడి మీద రేడియేటర్ మూత తీయకూడదు, మరిగే నీళ్లు మొహాన చిమ్ముతాయి. చల్లగా ఉంటేనే తీసి కూలెంట్, అంటే ఇంజన్‌ను చల్లబరిచే నీళ్లు, చూడగలం. నీళ్ల మీద నూనె తెట్టు కట్టినా, ఆయిల్ మూత కింద మీగడలాంటిది పేరుకున్నా ఓ మంచి మెకానిక్‌కు చూపించకుండా అడుగు ముందుకు వేయకండి. ఆయిలూ నీళ్లూ లోపలెక్కడో కలుస్తున్నాయేమో ఆయన తేల్చాలి. పొగ గురించి కూడా ఒక్క మాట. చలి పొద్దుల్లో కాసేపు తెల్లటి ఆవిరి రావడం మామూలే, బెదరకండి. బండి వేడెక్కాక కూడా తెల్లగా దట్టంగా వస్తుంటే కూలెంట్ కాలుతోందేమోనని అనుమానించాలి. నలుపైతే పెట్రోలు ఎక్కువ తాగుతోంది. నీలమైతే, ఇందాక చెప్పాను కదా, ఆయిల్.

మిగతావి గబగబా చెప్పేస్తాను, గడియారం నన్ను చూస్తోంది. టైరు పక్కభాగం మీద అచ్చు వేసిన కోడులో చివరి నాలుగంకెలు చూడండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని. మీటర్ తక్కువ తిరిగిందని చూపిస్తూ, బ్రేక్ పెడల్ మీది రబ్బరు అరిగి నున్నబడి ఉంటే, ఆ రెండింట్లో నేను రబ్బరునే నమ్ముతాను. స్టెప్నీ తీసి దాని కింద చెయ్యి పెట్టి చూడండి. తడి, తుప్పు, ఒండ్రు ఉంటే ఆ బండి నీళ్లలో మునిగి ఉండొచ్చు. ఇంజన్‌కు టైమింగ్ బెల్టు, అంటే వాల్వ్‌లను వేళకు తెరిచి మూయించే పట్టీ, ఉంటే ఎప్పుడు మార్చారో కాగితం అడగండి. చాలా ఇంజన్లలో అది తెగితే పిస్టన్లు వాల్వ్‌లకు కొట్టుకుని పెద్ద ఖర్చు పెట్టిస్తాయి. ఉన్న డబ్బంతా బండికే పోసేయకండి, మొదటి ఏడాది బాగుచేతకు కొంత మిగుల్చుకోండి. వెంట ఆ కారు మీద మనసు పడని మనిషిని ఒకరిని తీసుకెళ్లండి. మా బావగారిని మాత్రం అడగకండి, ఆయన రారు.

మరి నువ్వు చివరికి బూడిద రంగుదే కొన్నావా అని మీరు అడగొచ్చు. నిజానికి కొనేవాణ్ణే, కానీ ఈలోగా దాన్ని వేరేవాళ్లు కొనేసుకున్నారు. బుద్ధిమంతులు నేనొక్కణ్ణే కాదుగా.

నెల తర్వాత ఇంకో గుండ్రటి కళ్ల కారు దొరికింది. ఈసారి లేత నీలం. పొద్దున్నే వెళ్లాం. ఓనరు ఒక పెద్దావిడ. గేటు తీస్తూనే, "స్టార్ట్ చేయలేదు బాబూ, మీరు చెప్పినట్టే ఉంచాను. ఒక్క సంగతి ముందే చెబుతున్నా, చల్లగా ఉన్నప్పుడు రెండో గేరు కాస్త మొరాయిస్తుంది," అన్నారు. బావగారు చెయ్యి పెట్టి చూశారు. చల్లగానే ఉంది. సెల్ఫ్ కొట్టగానే అంటుకుంది. ఆవిడ చెప్పినట్టే రెండో గేరు కర్రుమంది. గేర్‌బాక్సు లోపల అరిగిందని, నిదానంగా వేసుకుంటే ఇంకా చాలాకాలం నడుస్తుందని మెకానిక్ చెప్పాడు. ఆ మేరకు ధర తగ్గించమన్నాను, ఆవిడ తగ్గించారు.

ఇప్పటికీ అదే నడుపుతున్నాను. పొద్దున్నే రెండో గేరు వేసేటప్పుడు ఒక్క క్షణం ఆగుతాను. అయినా కర్రుమంటుంది. ఈ రోజు ఈ స్టూడియోకి వస్తుంటే కూడా అంది.

నమస్కారం.