ఒంటిచేత్తో తినే తిండి

సభకు నమస్కారం. పెద్దలకు, ఈ దేశానికి కొత్తగా వచ్చిన పిల్లలకు, వెనక వంటగదిలో ఇంకా పులిహోర కలుపుతున్న అక్కచెల్లెళ్లకు, అన్నదమ్ములకు ఉగాది శుభాకాంక్షలు.

పండుగ పూట పంచాంగమో పద్యాలో వినాలని ఉంటుంది. నన్ను మాత్రం ఆఫీసులో తినే మధ్యాహ్న భోజనం గురించి మాట్లాడమన్నారు. వెంటనే ఒప్పుకున్నాను. రెడింగ్‌లో, స్లౌలో, లండన్‌లో ఉద్యోగాలు చేస్తున్న మన పిల్లల్ని ఎవరిని పలకరించినా, “మధ్యాహ్నం ఏం తింటున్నావమ్మా?” అంటే ఒకటే జవాబు వస్తుంది. “ఏదో శాండ్‌విచ్ కొనుక్కుంటానండి.” ఆ “ఏదో” అన్న మాట విన్నప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. ఒకప్పుడు నా జవాబు కూడా అదే.

నేను 2005 నవంబరులో లండన్‌లో ఉద్యోగంలో చేరాను. రెండో వారంలో గుత్తివంకాయ కూర, అన్నం డబ్బాలో పెట్టుకుని వెళ్లాను. ఆఫీసు వంటగదిలో మైక్రోవేవ్ తలుపు తీయగానే మసాలా వాసన గుప్పుమంది. పక్కనున్న ఒకాయన ఏమీ అనలేదు. లేచి వెళ్లి కిటికీ తెరిచి, తిరిగి వచ్చి కూర్చున్నాడు. బయట నవంబరు చలి. ఆయన ఒక్క మాట అన్నా జవాబు చెప్పేదాన్నేమో. ఆ కిటికీకి మాత్రం నా దగ్గర జవాబు లేకపోయింది. మర్నాటి నుంచి శాండ్‌విచ్ కొనడం మొదలుపెట్టాను. అలా మూడేళ్లు.

ఆ శాండ్‌విచ్ పెట్టె మీ అందరికీ తెలిసిందే. ముక్కోణపు అట్టపెట్టె, ముందు భాగంలో పారదర్శకమైన ప్లాస్టిక్ పొర. ఎర్రటి టొమాటో అంచు, పచ్చటి ఆకు ఆ పొరకు ఆనుకుని కనిపిస్తాయి. కొన్న తర్వాత విప్పి చూడండి. లోపల పెట్టినదంతా కోసిన వైపుకే ఒత్తుకుని ఉంటుంది. వెనక మూలకు వచ్చేసరికి చల్లటి రొట్టె మాత్రమే మిగులుతుంది. మూడేళ్లు తిన్నాను కాబట్టి ఆ మూల రుచి నాకు బాగా తెలుసు.

ఒక రోజు పని ఒత్తిడి ఎక్కువగా ఉంది. ఎడమచేతిలో శాండ్‌విచ్, కుడిచేతిలో మౌస్. సాయంత్రం మావారు ఫోనులో “ఏం తిన్నావు?” అని అడిగారు. గుడ్డు శాండ్‌విచ్చో చీజ్ శాండ్‌విచ్చో నాకు గుర్తు రాలేదు. చెత్తబుట్టలోంచి అట్టపెట్టె తీసి చూసి చెప్పాను. ఆకలి తీరింది కానీ నేను భోజనం చేయలేదని అప్పుడు అర్థమైంది.

శాండ్‌విచ్‌కు ఒక చెయ్యి చాలు. రెండో చెయ్యి పనికి మిగిలిపోతుంది. దాని పుట్టుక కథే అలాంటిది. జాన్ మాంటేగ్యూ అని 18వ శతాబ్దపు ప్రభువు ఒకాయన ఉండేవాడు. శాండ్‌విచ్ అనే ఊరి పేరుతో వంశపారంపర్యంగా వచ్చే ఎర్ల్ బిరుదు పొందినవారిలో నాలుగోవాడు. తిండికి ఆ పేరు ఆయన నుంచే వచ్చింది. పేకాట బల్ల దగ్గర నుంచి లేవడం ఇష్టం లేక, రెండు రొట్టెముక్కల మధ్య మాంసం పెట్టి తెమ్మన్నాడని ప్రచారంలో ఉన్న కథ. ఆయన నౌకాదళ వ్యవహారాలు చూసిన మంత్రి కాబట్టి, పేకాటలో కాదు, రాతబల్ల దగ్గర పనిలో మునిగి అలా తిని ఉంటాడని చరిత్ర రాసినవారు అంటారు. పేకాటే కానీ, పనే కానీ, లేవకుండా తినడం కోసమే అది పుట్టింది. 1980లో మార్క్స్ అండ్ స్పెన్సర్ వాళ్లు ముందుగా తయారుచేసి, చల్లబరిచి, పెట్టెలో పెట్టిన శాండ్‌విచ్‌లను తమ దుకాణాల్లో అమ్మడం మొదలుపెట్టారు. ధర 43 పెన్నీల నుంచి ఉండేది. నలభై ఏళ్లు దాటేసరికి ఈ దేశపు మధ్యాహ్నం మొత్తం ఆ ముక్కోణంలోకి వెళ్లిపోయింది.

మన అన్నం అలా కాదు. చెయ్యి కడుక్కోవాలి. కూర కలపాలి. చారు పోసుకుంటే కళ్లు కంచం మీదే ఉండాలి. చివర పెరుగన్నం తిన్నాక మళ్లీ చెయ్యి కడుక్కోవాలి. ఆ చేత్తో కీబోర్డు ముట్టుకోలేం. డబ్బా మూత తీశామంటే పని ఆగక తప్పదు. ఇన్నాళ్లూ దీన్ని మనం ఇబ్బంది అనుకున్నాం. నాకు ఇప్పుడు అదే దాని గొప్ప గుణంగా కనిపిస్తోంది.

ఈ దేశంలో 1998 నాటి పనివేళల నిబంధనల ప్రకారం, ఆరు గంటలకు మించి పనిచేసే రోజున ఉద్యోగికి 20 నిమిషాల విరామం హక్కు. మధ్యలో ఎవరూ కదిలించకూడని 20 నిమిషాలు. అంతకన్నా ఎక్కువ ఇచ్చే సంస్థలు చాలా ఉన్నాయి, కానీ చట్టం హామీ ఇచ్చేది అంతవరకే. మన దేశంలో 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం, ఐదు గంటలకు మించి ఏకబిగిన పని చేయించకూడదని, కనీసం అరగంట విరామం ఇవ్వాలని చెప్పింది. కార్మికులు పోరాడి సంపాదించుకున్న నిమిషాలు ఇవి. మనం మౌస్ పట్టుకుని ఆరు నిమిషాల్లో తిని, ఇక్కడి ఇరవైలో మిగతా పద్నాలుగూ యజమానికి తిరిగి ఇచ్చేస్తున్నాం. అడగకుండానే.

మా నాన్నగారు విజయవాడ దగ్గర గుంటుపల్లిలో రైల్వే వర్క్‌షాపులో పనిచేసేవారు. సైకిల్ హ్యాండిల్‌కు మూడు గిన్నెల స్టీలు క్యారియర్. అడుగున అన్నం, మధ్యలో పప్పో పులుసో, పైన కూర. సెలవుల్లో ఒకసారి ఆయన క్యారియర్ మర్చిపోతే నేను పట్టుకెళ్లాను. గేటు బయట వేపచెట్టు కింద ఏడెనిమిది మంది చుట్టూ కూర్చుని ఉన్నారు. క్యారియర్ మూతలన్నీ తిరగేసి మధ్యలో పెట్టారు, అవే కంచాలు. మా ఇంటి గోంగూర ఒకరి గిన్నెలోకి వెళ్లింది, ఇంకొకరి చేపల పులుసు మా నాన్నగారి అన్నంలోకి వచ్చింది. ఎవరి ఇంట్లో ఆ నెల ఇబ్బందిగా ఉందో, ఎవరి పిల్లకు సంబంధం కుదిరిందో ఆ మూతల మధ్యే తెలిసేది. సద్దిమూట విప్పడమంటే మనకు మొదటి నుంచీ నలుగురిలో కూర్చోవడమే. కృష్ణుడు గోపబాలురతో కలిసి చల్దులు ఆరగించిన ఘట్టం చిన్నప్పుడు విననివాళ్లు మనలో ఉండరు. పెద్దల మాటను పోల్చడానికి కూడా మనవాళ్లకు చద్దిమూట కంటే మంచి వస్తువు దొరకలేదు.

అయితే ఆ క్యారియర్ దానంతట అది నిండలేదు. మా అమ్మ తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి కిరోసిన్ స్టవ్ వెలిగించేది. ముప్పై ఏళ్లు. ఆమె వేడిగా తిన్న పూటలు నేను వేళ్ల మీద లెక్కపెట్టగలను. కాబట్టి ఇంటి నుంచి డబ్బా తెచ్చుకోండి అని నేను చెబుతున్నప్పుడు, ఇంట్లో ఒక మనిషి నిద్ర మానుకోవాలని చెప్పడం లేదు. ఇక్కడ భార్యాభర్తలిద్దరూ ఎనిమిదింటికి రైలు ఎక్కేవాళ్లే. ఎవరి డబ్బా వాళ్లు సర్దుకోవాలి. మా ఇంట్లో రాత్రి వంటలోనే రెండు గరిటెలు ఎక్కువ వండుతాం. తినడానికి కూర్చోబోయే ముందే డబ్బాలు నింపేస్తాం. తిన్న తర్వాత అనుకుంటే ఇక జరగదు, గిన్నెలో ఏమీ మిగలదు.

అన్నం విషయంలో మాత్రం కాస్త శ్రద్ధగా వినండి, ముఖ్యంగా ఒంటరిగా ఉంటున్న పిల్లలు. రాత్రి వండిన అన్నాన్ని రైస్ కుక్కర్‌లోనే వదిలేసి, పొద్దున డబ్బాలో పెట్టుకుని వెళ్లడం చాలామందిలో చూశాను. అది ప్రమాదం. బియ్యంలో బాసిల్లస్ సెరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు ఉండవచ్చు. అవి అన్నం ఉడికినా చావవు. గది వేడిమిలో గంటల తరబడి ఉన్న అన్నంలో అవి పెరిగి విషాన్ని తయారుచేస్తాయి, ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. అన్నం దించాక వెడల్పాటి పళ్లెంలో పరచండి. గంటలోపు చల్లారనిచ్చి ఫ్రిజ్‌లో పెట్టండి. ఒక రోజు దాటనివ్వకండి. ఆఫీసులో కూడా ఫ్రిజ్‌లోనే ఉంచి, పొగలు వచ్చేదాకా ఒక్కసారే వేడి చేసుకోండి. మన ఊళ్లలో గంజిలోనో మజ్జిగలోనో నానబెట్టి పులియనిచ్చే చద్దన్నం పద్ధతి వేరు, దాన్ని తలుచుకుని దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు.

పెరుగన్నం తీసుకెళ్లేవారికి మా అమ్మ చెప్పిన చిట్కా. అన్నం మెత్తగా మెదిపి, పెరుగు తక్కువ, పాలు ఎక్కువ పోసి కలపండి. అప్పుడు మధ్యాహ్నానికి పుల్లబడదు, గట్టిపడదు.

డబ్బు సంగతి త్వరగా చెప్పేస్తాను. శాండ్‌విచ్, చిప్స్ పొట్లం, ఒక పానీయం కలిపి ఇచ్చే మీల్ డీల్ చాలాకాలం 3 పౌండ్లకు దొరికింది. తర్వాత 4 పౌండ్ల దాకా పెరిగింది. ఆ లెక్కన చూడండి. వారానికి 5 రోజులు, సెలవులు తీసేస్తే 46 వారాలు. ఏడాదికి 920 పౌండ్లు. విజయవాడకు విమానం టికెట్టు అనుకోండి.

ఉప్పు గురించి రెండు మాటలు. పెద్దవాళ్లకు రోజుకు 6 గ్రాములు మించవద్దని ఇక్కడి ఆరోగ్య శాఖ సలహా. కొన్ని శాండ్‌విచ్‌లలో ఒక్కదానిలోనే 2 గ్రాములు ఉంటుంది. అయితే మన డబ్బా అందులో అమాయకమైనదేమీ కాదు. తెల్లన్నం కొండలా పెట్టుకుని, పక్కన రెండు ఆవకాయ ముక్కలు వేసుకుంటే దానికన్నా మేలు చేసినట్టు కాదు. మన దక్షిణాసియా వాళ్లకు మధుమేహం ముప్పు ఎక్కువని డాక్టర్లు చెబుతూనే ఉన్నారు. అన్నం సగానికి తగ్గించి పప్పు, కూర పెంచండి. డబ్బాలో ఉన్న గొప్పతనం ఇదే, ఎంత వేసుకోవాలో మన చేతుల్లో ఉంటుంది.

ఇందాక శాండ్‌విచ్ గురించి కఠినంగా మాట్లాడాను. దాన్ని తయారుచేసే చేతుల గురించి మాట్లాడకపోతే నా మాట సగమే అవుతుంది. ఆ రొట్టెముక్కల మీద గుడ్డు పరిచి, ఆకు పెట్టి, మూసేది చాలావరకు మనుషులే, కదిలే బెల్టు పక్కన, చలి గదుల్లో, రాత్రింబవళ్లు. వాళ్లలో ఎక్కువమంది వేరే దేశాల నుంచి వచ్చినవాళ్లు. 2020 ఆగస్టులో నార్తాంప్టన్‌లోని ఒక శాండ్‌విచ్ కర్మాగారంలో దాదాపు 300 మందికి కోవిడ్ సోకింది. మనకు పరిచయం ఉన్న ఒక అబ్బాయి చదువుకుంటూ అలాంటి చోట రాత్రి షిఫ్టు చేశాడు. ఎనిమిది గంటలూ దోసకాయ ముక్కలు పరిచేవాడు. విరామంలో ఏం తినేవాడివని అడిగితే, “గదిలో వండుకున్న పులిహోర తీసుకెళ్లేవాణ్ణి ఆంటీ, అక్కడ ఆ ఒక్కటే వెచ్చగా ఉండేది” అన్నాడు.

నేను మళ్లీ డబ్బా తీసుకెళ్లడం మొదలుపెట్టినప్పుడు ధైర్యం వచ్చి కాదు. మొదట దద్దోజనం, నిమ్మకాయ పులిహోర, చపాతీ, ఇలా మైక్రోవేవ్ అవసరం లేనివే పట్టుకెళ్లాను. బల్ల దగ్గర మాత్రం తినలేదు. వంటగదిలో కుర్చీ లాక్కుని కూర్చున్నాను. రెండు నెలల తర్వాత గుత్తివంకాయ కూడా వెళ్లింది. ఆ కిటికీ ఇప్పటికీ కొన్నిసార్లు తెరుస్తారు. కొన్నిసార్లు నేనే తెరుస్తాను, చేపలు వేడి చేసినవాళ్లు ఉన్నప్పుడు అందరం తెరుస్తాం. అది గాలి కోసమే అని నమ్మడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

కూర్చుని తింటుంటే ఎవరో ఒకరు “అదేమిటి?” అని అడుగుతారు. మనవాళ్లం వెంటనే ఒక చెంచా పెట్టేస్తాం. అక్కడ ఆగండి. 2016 జూలైలో నటాషా ఎడ్నాన్-లాపెరూజ్ అనే పదిహేనేళ్ల అమ్మాయి హీత్రూ విమానాశ్రయంలో కొనుక్కున్న బాగెట్, అంటే పొడవాటి రొట్టెతో చేసిన శాండ్‌విచ్, తిని అదే రోజు చనిపోయింది. పిండిలో నువ్వులు కలిపి కాల్చారు. పొట్లం మీద ఆ మాట లేదు. నువ్వులు ఆ పిల్లకు పడవు. ఆమె తల్లిదండ్రుల పోరాటంతో చట్టం మారింది. అక్కడికక్కడే తయారుచేసి పొట్లం కట్టి అమ్మే ఆహారం మీద కూడా ఏమేం ఉన్నాయో పూర్తిగా రాయాలని 2021 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. అలర్జీ కలిగించేవిగా తప్పనిసరిగా తెలపాల్సిన 14 పదార్థాల జాబితా ఒకటి ఉంది. అందులో కొన్ని: వేరుశనగలు, నువ్వులు, జీడిపప్పు వంటి గింజలు, పాలు, గోధుమ వంటి ధాన్యాలు, ఆవాలు. అవును, ఆవాలు. మన పోపులపెట్టె సగం అందులోనే ఉంది. బజారులో దొరికే ఇంగువ పొడిలో చాలావాటిలో గోధుమపిండి కలుస్తుంది. మన డబ్బాకు చీటీ ఉండదు కాబట్టి ఆ చీటీ మన నోటి మాటే. పెట్టే ముందు అడగండి.

వంటగదిలోంచి చెయ్యి ఊపుతున్నారు, భోజనాలు సిద్ధమైనట్టున్నాయి. ఎడమవైపు బల్ల మీద పులిహోర ఉంది, అందులో వేరుశనగలు, ఆవాలు, ఇంగువ ఉన్నాయి. పక్కన దద్దోజనం, అందులో పాలు, పెరుగు, ఆవాలు. ఇవి పడనివాళ్ల కోసం చివర మూత పెట్టిన గిన్నెలో పోపు వేయని ముద్దపప్పు, అన్నం విడిగా ఉంచాం, వాటి గరిటె దేనిలోనూ ముంచకండి. కుర్చీలు కిటికీ వైపు వేశారు. చేతులు కడుక్కుని రండి.