పాథే కోడిపుంజు ఎవరిది?

అందరికీ నమస్కారం. ఫ్రాన్స్ సంగీత పరిశ్రమ గురించి మాట్లాడమన్నారు. ఆ దేశంలోని కంపెనీలన్నిటి గురించీ చెబుతూ పోతే మీరు భోజనం వేళకు ఇళ్లకు చేరలేరు. అందుకని ఒక్క కంపెనీనే పట్టుకుంటాను. దాని పేరు ఈఎంఐ ఫ్రాన్స్. పెద్దవాళ్లకు పాథే-మార్కోని అంటే ఇంకా బాగా తెలుస్తుంది. లండన్‌లో ఈఎంఐ అని పెద్ద రికార్డుల కంపెనీ ఉండేది, దానికి ఇది ఫ్రాన్స్ శాఖ. అయితే శాఖ అనగానే హెడ్డాఫీసు పంపిన సరుకు అమ్మే దుకాణం అనుకుంటాం కదా, ఇది అలాంటిది కాదు.

మొదట ఇది పక్కా ఫ్రెంచి కంపెనీయే. షార్ల్ పాథే 1894లో ఎడిసన్ ఫోనోగ్రాఫ్ ఒకటి కొని, తిరునాళ్లలో జనానికి డబ్బులు తీసుకుని వినిపించేవాడు. అన్న ఎమిల్‌తో కలిసి కంపెనీ పెట్టాడు. పారిస్ పక్కన షతూలో ఫ్యాక్టరీ కట్టారు. కోడిపుంజు వాళ్ల ముద్ర. వాళ్ల తొలి ప్లేట్లు మధ్యలో మొదలై అంచుకు వెళ్లేవి, అంటే మనం చూసిన గ్రామఫోను ప్లేటుకు పూర్తిగా ఉల్టా. తర్వాత పాథేకి సినిమా మీద మోజు పెరిగింది. 1928లో రికార్డుల వ్యాపారం బ్రిటన్‌కు చెందిన కొలంబియా చేతికి పోయింది. 1931లో కొలంబియా, గ్రామఫోన్ కంపెనీ కలిసి ఈఎంఐ అయ్యాయి. ఆ విధంగా కోడిపుంజు లండన్ పాలైంది.

ఇక్కడ మనకూ చిన్న చుట్టరికం ఉంది. ఆ గ్రామఫోన్ కంపెనీదే మన హెచ్ఎంవీ, కలకత్తా డమ్‌డమ్ ఫ్యాక్టరీ. ఘంటసాల భగవద్గీత మన ఇళ్లకు వచ్చింది ఆ కుక్క బొమ్మ మీదే. అదే కుక్క బొమ్మ ఫ్రాన్స్‌లో కూడా ప్లేట్ల మీద ఉండేది. అంటే డమ్‌డమ్, షతూ ఒకే ఇంటి కోడళ్లు.

లండన్ పెత్తనం వచ్చింది కదా అని పారిస్‌లో ఇంగ్లీషు పాటలు అమ్ముతూ కూర్చోలేదు. ఎడిత్ పియాఫ్, షార్ల్ త్రెనే, టీనో రోసీ, జిల్బేర్ బెకో, ఈ ఫ్రెంచి గాయకులందరి ప్లేట్లూ అక్కడివే. లండన్ వాళ్లు వాటాదారులు, అంతే. ఏ గొంతును పట్టుకోవాలో పారిస్‌లో కూర్చున్నవాడికే తెలుస్తుంది. కాఫీ హోటళ్లలో ఎవరు పాడుతున్నారు, ఒలింపియా హాల్లో ఎవరికి చప్పట్లు పడుతున్నాయి అనేది లండన్‌కు రిపోర్టు రాసి తెప్పించుకునే సంగతి కాదు.

శాఖల మధ్య సంబంధం ఎలా ఉండేదో చెప్పడానికి నాకు బాగా ఇష్టమైన సంఘటన ఒకటి. 1964 జనవరిలో బీటిల్స్ పారిస్ ఒలింపియాలో వరసగా కచేరీలు చేస్తున్నారు. జర్మన్‌లో పాడకపోతే మా దగ్గర పెద్దగా అమ్ముడుపోవని ఈఎంఐ జర్మనీ శాఖ పట్టుబట్టింది. కుర్రాళ్లకు ఇష్టం లేదు. రికార్డింగ్‌కు రాకుండా హోటల్లోనే ఉండిపోతే నిర్మాత జార్జ్ మార్టిన్ స్వయంగా వెళ్లి పట్టుకొచ్చాడు. చివరికి జనవరి 29న బులోన్-బియాంకూర్‌లోని పాథే-మార్కోని స్టూడియోలో రెండు పాటలు జర్మన్‌లో పాడారు. ఇంగ్లీషు కుర్రాళ్లు, జర్మన్ శాఖ పట్టుదల, ఫ్రెంచి శాఖ మైకులు! తర్వాత 1977-78లో రోలింగ్ స్టోన్స్ కూడా ఆ స్టూడియోకే వచ్చారు.

ఇక దగ్గరి కాలానికి వద్దాం. 1992లో ఈఎంఐ వర్జిన్ అనే బ్రిటిష్ రికార్డుల కంపెనీని కొంది. దాంతో వర్జిన్ ఫ్రాన్స్ కూడా వచ్చిపడింది. అది పాట్రిక్ జెల్నిక్ 1980లో మొదలుపెట్టిన శాఖ, మహా చురుకైనది. అప్పుడే ఫ్రాన్స్ ప్రభుత్వం ఒక చట్టం చేసింది. రేడియోలు ఎక్కువమంది వినే వేళల్లో వేసే పాటల్లో కనీసం 40 శాతం ఫ్రెంచి పాటలు ఉండాలి. చట్టం 1994లో వచ్చింది, 1996 జనవరి 1 నుంచి అమలైంది. రేడియో వాళ్లు లబోదిబోమన్నారు. కానీ స్కైరాక్ అనే స్టేషన్ దాన్నే అవకాశంగా తీసుకుని ఫ్రెంచి ర్యాప్ వైపు తిరిగింది. మార్సెయ్ కుర్రాళ్ల బృందం ఐయామ్ లాంటివాళ్లను వర్జిన్ కిందున్న డెలాబెల్ అనే లేబుల్ అప్పటికే సంతకం చేయించుకుని పెట్టుకుంది. చట్టం ఒక్కటే ర్యాప్‌ను పెంచిందని నేను అనను. పాటలు చేతిలో సిద్ధంగా ఉన్న శాఖకు మాత్రం అది బాగా కలిసొచ్చింది.

1996లో డాఫ్ట్ పంక్ అనే ఫ్రెంచి ఎలక్ట్రానిక్ సంగీత జంట వర్జిన్‌తో ఒప్పందం చేసుకున్నారు. అప్పటికి ఇద్దరూ ఇరవై రెండేళ్లు దాటని కుర్రాళ్లు. అయినా మాస్టర్ టేపులు, అంటే అసలు రికార్డింగులు మావే, మీకు లైసెన్స్ మాత్రమే ఇస్తాం అన్నారు, కంపెనీ ఒప్పుకుంది. మామూలు ఒప్పందంలో కంపెనీ ఖర్చు పెడుతుంది, రికార్డింగ్ కంపెనీది అవుతుంది, పాడినవాడికి రాయల్టీ వస్తుంది. లైసెన్స్‌లో రికార్డింగ్ కళాకారుడిదే, కంపెనీకి అమ్ముకునే హక్కు ఉంటుంది. మన సినిమా పాటల హక్కుల గొడవలు చూసినవాళ్లకు ఈ తేడా విలువ చెప్పక్కర్లేదు.

అసలు విడ్డూరం ఇప్పుడు. 2007లో టెర్రా ఫిర్మా అనే పెట్టుబడి సంస్థ అప్పు చేసి ఈఎంఐని కొంది. అప్పు తీర్చలేక 2011లో అప్పిచ్చిన అమెరికా బ్యాంకు సిటీగ్రూప్‌కు వదిలేసింది. సిటీగ్రూప్ రికార్డుల విభాగాన్ని యూనివర్సల్ అనే మరో రికార్డుల కంపెనీకి 120 కోట్ల పౌండ్లకు బేరం పెట్టింది. అప్పట్లో యూనివర్సల్ యజమాని వివెండీ, పారిస్ కంపెనీ. 1853లో ఊళ్లకు మంచినీళ్లు సరఫరా చేయడానికి పుట్టి, చివరికి పాటల్లో తేలింది! అంటే ఎనభై ఏళ్లకు కోడిపుంజు మళ్లీ పారిస్ గూటికి చేరబోతోందన్నమాట.

చేరలేదు. బ్రస్సెల్స్‌లోని యూరోపియన్ కమిషన్ అడ్డం పడింది. యూనివర్సల్ ఇప్పటికే పెద్దది, ఇది కూడా కలిస్తే ఆన్‌లైన్ సంగీత సేవలను తన షరతులకు లొంగదీస్తుంది అని అభ్యంతరం. 2012 సెప్టెంబరులో అనుమతి ఇచ్చింది గానీ, చాలా ఆస్తులు అమ్మేయాలంది. అమ్మాల్సినవాటిలో ఈఎంఐ ఫ్రాన్స్ ఒకటి. పార్లోఫోన్ లేబుల్ గ్రూప్ అని మూట కట్టి, 2013లో 48.7 కోట్ల పౌండ్లకు వార్నర్ అనే రికార్డుల కంపెనీకి అమ్మారు. వార్నర్ హెడ్డాఫీసు న్యూయార్క్‌లో ఉంది. ఫ్రెంచి యజమానికి ఫ్రెంచి శాఖ దక్కలేదు, అమెరికా వాళ్లకు దక్కింది. పియాఫ్, నేటి డీజే డేవిడ్ గెట్టా ఒకే మూటలో వెళ్లారు.

ఇందులో ఫ్రాన్స్‌కు పరువు నష్టం ఏదో జరిగిందని అప్పుడు బాధపడినవాళ్లు ఉన్నారు. నాకైతే ఆ బాధ అర్థం కాదు. పియాఫ్ రికార్డు చేసిన రోజు కూడా యజమాని లండన్‌లోనే ఉన్నాడు కదా. పైగా ఈ అమ్మకంతో వార్నర్ ఫ్రాన్స్ బలం పెరిగింది. పాశ్చాత్య శాస్త్రీయ సంగీత లేబుళ్లు ఈఎంఐ క్లాసిక్స్, వర్జిన్ క్లాసిక్స్ కూడా ఆ మూటలోనే వచ్చాయి. వర్జిన్ క్లాసిక్స్‌ను ఎరాటో అనే పాత ఫ్రెంచి పేరు కిందికి మార్చారు. ఒపెరా గాయని మరియా కాలస్ రికార్డింగులు ఇప్పుడు వార్నర్ క్లాసిక్స్ పేరుతో వస్తున్నాయి.

ఇంతా చేసి వార్నర్ కొన్నదేమిటి అని మీలో ఎవరైనా అడగొచ్చు. యూరప్‌లో రికార్డింగుల హక్కు కాలాన్ని 50 నుంచి 70 ఏళ్లకు పెంచారు, 2013 నవంబరు నుంచి. కానీ అప్పటికే 50 ఏళ్లు నిండినవాటికి అది వర్తించదు. కాబట్టి 1963కు ముందు విడుదలైన పియాఫ్ రికార్డింగును యూరప్‌లో ఎవరైనా అచ్చేసి అమ్ముకోవచ్చు, చవక సీడీలు అందుకే అన్ని ఉన్నాయి. వార్నర్ దగ్గరున్నది అసలు టేపు. అమెరికాలో లెక్క వేరు. పియాఫ్ 1960లో విడుదల చేసిన రికార్డింగుకు అక్కడ 2067 ఫిబ్రవరి దాకా రక్షణ ఉంది.