బంతిని వదిలి లైన్‌బ్యాకర్‌ని చూడండి: ల్యూక్ కీక్లీ

నమస్కారం అండీ. అమెరికన్ ఫుట్‌బాల్ కొత్తగా చూసేవాళ్ల కళ్లు బంతి వెంటే పోతాయి. ఈ వీడియోలో కాసేపు బంతిని మర్చిపోదాం. డిఫెన్స్ నడుమ నిలబడే లైన్‌బ్యాకర్ ఏం చేస్తాడో, బోస్టన్ కాలేజీలో ఆడిన ల్యూక్ కీక్లీని పెట్టుకుని చెప్తాను.

ముందు బోర్డు చూడండి. ఈ అయిదుగురూ అఫెన్సివ్ లైన్, అంటే బంతి చేతిలో ఉన్న జట్టు ముందు వరస. మధ్యలో సెంటర్, అటొకడు ఇటొకడు గార్డులు. వాళ్లకి ఎదురుగా నాలుగైదు గజాల దూరంలో ఈ ఎర్ర చుక్క మన లైన్‌బ్యాకర్. స్నాప్ కాగానే, అంటే సెంటర్ బంతిని వెనక్కి అందించి ఆట మొదలుపెట్టగానే, ఇతని చూపు గార్డు మీదుండాలి. గార్డు ముందుకు దూకితే రన్, అంటే బంతి పట్టుకుని పరుగు. లేచి వెనక్కి జరిగితే పాస్, అంటే బంతి విసరడం. పక్కకి పరిగెడితే బంతి కూడా చాలావరకు అటే వెళ్తుంది. రెప్పపాటులో తేల్చుకోవాలి. మొదటి అడుగు తప్పిందా, ఎంత వేగమున్నా అందుకోలేడు.

కీక్లీకి ఆ అడుగు తప్పడం చాలా అరుదు. 2009లో బోస్టన్ కాలేజీ ప్రధాన లైన్‌బ్యాకర్ మార్క్ హెర్జ్‌లిక్‌కి క్యాన్సరని తేలి సీజన్ మొత్తం ఆడలేకపోయాడు. ఆ ఏడాదే సిన్సినాటి నుంచి వచ్చిన కుర్రాడు కీక్లీ 158 ట్యాకిల్స్ చేశాడు, అంటే బంతి పట్టుకున్నవాణ్ని అన్నిసార్లు పట్టి పడగొట్టాడు. మరుసటేడు హెర్జ్‌లిక్ కోలుకుని వచ్చి అతని పక్కనే ఆడాడు. ఆ ఇద్దర్నీ ఒకే వరసలో చూస్తే నాకిప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

2010లో 183, 2011లో 191, రెండేళ్లూ దేశంలో అతనే ముందు. మూడు సీజన్లకి 532.

అయితే 2011లో జట్టు గెలిచింది నాలుగే. ఓడే జట్టు డిఫెన్స్ ఎక్కువసేపు మైదానంలో ఉంటుంది, ట్యాకిల్స్ పెరుగుతాయి. అది నిజమే. అందుకే నేను అంకెలకన్నా అతని చివరి కాలేజీ ఆటనే ముందు చూడమంటాను. ప్రత్యర్థి జట్టు మయామీ విసిరిన పాస్‌ని మధ్యలోనే అందుకుని 45 గజాలు పరిగెత్తి, బంతిని వాళ్ల గీత దాటించి టచ్‌డౌన్ చేశాడు. బంతి ఎటొస్తుందో చదవడమంటే అదీ! కాలేజీ ఆటగాళ్లకిచ్చే బట్కస్, నాగర్‌స్కీ, లొంబార్డీ అవార్డులు ఆ ఏడాదే వచ్చాయి.

2012లో ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ కొత్త ఆటగాళ్ల ఎంపికలో కరోలినా పాంథర్స్ జట్టు అతన్ని తొమ్మిదో పిక్‌గా తీసుకుంది. 2013లో ఎన్‌ఎఫ్‌ఎల్ ఉత్తమ డిఫెన్స్ ఆటగాడు. తలకి పదేపదే దెబ్బలు తగిలాయి, 2020 జనవరిలో 28 ఏళ్లకే ఆట వదిలేశాడు. నా దృష్టిలో అదీ సరైన సమయంలో వేసిన అడుగే.

ఇప్పుడు మీ వంతు. ఏదైనా ఆట పెట్టుకోండి. స్నాప్‌కి ముందే ఆపండి. ఒక గార్డుని ఎంచుకుని, వీడియోని మెల్లగా ముందుకు నడిపిస్తూ రనో పాసో పైకే చెప్పండి. ఆ తర్వాతే బంతి వైపు చూడండి.