ఐదు మిల్లీమీటర్ల మణికట్టు
(విజయనగరంలో ఇంజనీరింగ్ విద్యార్థుల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)

అధ్యాపకులకు నమస్కారం. విద్యార్థి మిత్రులారా,

సర్జరీ రోబో అనగానే పెద్ద పెద్ద చేతులున్న యంత్రం గుర్తుకొస్తుంది గానీ, డిజైనరుకు అసలు పరీక్ష ఆ చేతుల కొసన, రోగి కడుపులోకి వెళ్లే సన్నని కడ్డీ చివర ఎదురవుతుంది. కడుపును పెద్దగా కోయకుండా చేసే లాప్రోస్కోపీ సర్జరీలో సాధారణంగా 5 నుంచి 12 మిల్లీమీటర్ల రంధ్రాల గుండా పనిముట్లను పంపుతారు. ఆ రంధ్రమే ఇరుసవుతుంది కనుక సర్జన్ చెయ్యి ఎడమకు జరిగితే పనిముట్టు కొన కుడికి పోతుంది. పైగా మామూలు కడ్డీ పక్కలకు వాలగలదు, పైకీ కిందికీ వాలగలదు, ముందుకూ వెనక్కూ జరగగలదు, తన చుట్టూ తాను తిరగగలదు, అంతే. లోపల కుట్టు వేయడానికి ఈ నాలుగు కదలికలతో సర్జన్లు నానా అవస్థ పడేవారు. అమెరికాలో 2000లో అనుమతి పొందిన డావిన్చీ రోబో, కొసన మన చేతి మణికట్టులా వంగే కీలును అమర్చి ఈ లోటు తీర్చింది.

ఆ మణికట్టును తిప్పే మోటార్లు శరీరం బయటే ఉంటాయి. బలాన్ని కొసకు చేర్చేవి టంగ్‌స్టన్ పోగులతో పేనిన సన్నని తాళ్లు. చిక్కంతా ఇక్కడే ఉంది. పనిముట్టు వ్యాసం తగ్గేకొద్దీ లోపల తాడును తిప్పే కప్పీ చిన్నదవుతుంది, కప్పీ చిన్నదయ్యేకొద్దీ దాని మీదుగా వంగే పోగులో ఒత్తిడి పెరుగుతుంది. అందుకే వెంట్రుక కన్నా సన్నని పోగులను అనేకం పేనుతారు. అయినా వంగి వంగి లోహం అలసిపోక తప్పదు. డావిన్చీ పనిముట్లలో చాలావాటికి మొదట్లో 10 ఆపరేషన్ల తర్వాత మార్చేయాలన్న పరిమితి ఉండేది. 2020లో కొన్నింటికి దానిని 12 నుంచి 18 వరకు పెంచారు. రోబో సర్జరీ ఖర్చు మాట వచ్చినప్పుడు అందరూ యంత్రం ధరనే చూస్తారు గానీ, జిల్లా ఆసుపత్రికి ఏటేటా మీద పడే భారం ఈ పరిమితేనని నా అభిప్రాయం.

తాళ్ల రాపిడి ఇంకో తలనొప్పి. కొసన పడే బలాన్ని మోటారు దగ్గర కొలిస్తే రాపిడి కూడా అందులో కలిసిపోతుంది. కొసనే సెన్సర్ పెడదామంటే అది పనిముట్లను క్రిమిరహితం చేసే ఆటోక్లేవ్ యంత్రంలోని 134 డిగ్రీల ఆవిరిని తట్టుకోవాలి. సర్జన్ చేతికి ఆ బలం తెలిసే పనిముట్లు డావిన్చీలో 2024లో గానీ రాలేదు. బలం తెలియకపోతే పేగును పట్టిన పనిముట్టు దవడలు దానిని నలిపేయవచ్చు, లేదా పట్టు జారవచ్చు. మన పక్కనే పొందూరులో కొండపత్తిని వాలుగ చేప దవడ ఎముకతో ఏకుతారు. పత్తి పోగు నలగకూడదన్న షరతే అక్కడ పనిముట్టును ఎంచింది. దవడల పళ్ల లోతును నిర్ణయించేటప్పుడు మీరూ ఉక్కు గట్టిదనంతో కాక, పేగు మెత్తదనంతో మొదలుపెట్టాలి.

శుభ్రపరచడం గురించి ఒక్క మాట: కడ్డీలోకి చేరిన రక్తం తాళ్ల మధ్య ఎండిపోతే ఆవిరి అక్కడికి చేరదు, కనుక నీటితో కడిగే దారి మొదటి డ్రాయింగులోనే ఉండాలి. మధ్యాహ్నం వర్క్‌షాప్‌లో మీకు ఇచ్చే పనిముట్టు వ్యాసం 5 మిల్లీమీటర్లు. కప్పీ కొలత మీరే ఎంచుకొని, పోగులో వంపు ఒత్తిడిని లెక్కగట్టి, కడిగే దారితో సహా గీసి చూపండి.